కోటు కుర్రాడి పక్షాన

ఐర్లండ్ పడమటి తీరం ఫొటోలు తీసేవాళ్ళని సోమరుల్ని చేస్తుంది. కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒకటి దొరుకుతుంది: నల్లటి పడవ, దాని మీద ఇటుకరంగు తెరచాప, వెనక రాళ్ళ గోడలు, వాటి వెనక బూడిదరంగు సముద్రం. కోణం వెతుక్కోనక్కర్లేదు. జెట్టీ చివరిదాకా నడిచి వెనక్కి తిరిగితే చాలు, కేలండర్‌కి పనికొచ్చే బొమ్మ ఎదురుగా ఉంటుంది. డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా పడమరకి పరిగెత్తే నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? కాని కష్టపడకుండా మంచి ఫొటో వచ్చిందంటే, అందులోని మంచి ఎవరిదో ఒకసారి అడిగి చూడాలి. నాది కాదు, కెమెరాదీ కాదు. పడవకి ఆ నలుపు ఎలా వచ్చింది, చాపకి ఆ ఎరుపు ఎలా వచ్చింది, ఆ గోడ ఎవరు ఎందుకు కట్టారు అని తెలుసుకుంటూ పోయేకొద్దీ, నేను తీసిన ప్రతి అందం వెనకా ఎవరిదో ఒక అవసరం కనిపించసాగింది.

ముందు వెలుగు సంగతి చెప్పాలి, అది లేకుండా ఈ విద్యే లేదు కనక. గాల్వే నగరం 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు దిగంతం నుంచి 13 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. సాయంత్రం నాలుగున్నరకల్లా దుకాణం కట్టేస్తాడు. అదే జూన్‌లో అయితే రాత్రి పదింటికి గాని దిగడు. అంటే చలికాలం పగలంతా, వేసవిలో సాయంత్రమంతా వెలుగు ఏటవాలుగానే పడుతుంది. నేను బందరులో పెరిగినదాన్ని. ఎండంటే నడినెత్తిన పడేదనీ, మన నీడని మన కాళ్ళకిందే తొక్కిపెట్టేదనీ నాకు తెలిసిన లెక్క. ఇక్కడ నీడ మనిషికంటే పొడుగు. ప్రతి తాడుకీ, ప్రతి లంగరుకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి. మధ్యమధ్య వాన. వెలిసిన కాసేపటికి జెట్టీ రాళ్ళన్నీ మెరుస్తాయి, ఆ మెరుపు చూసి ట్రైపాడ్ నిలబెట్టేలోగా మళ్ళీ వాన. లెన్స్ మీద పడ్డ ఉప్పు తుంపర తుడవడానికి జేబునిండా మెత్తటి గుడ్డలుండాలి. తొందరపడి చున్నీ అంచుతో రుద్దితే ఉప్పురవ్వ గాజుని గీసేస్తుంది.

ఆ తర్వాత పోటూ పాటూ. విశాఖలో పోటుకీ పాటుకీ నీటిమట్టం తేడా మనిషి ఎత్తు దాటదు. గాల్వే అఖాతంలో పౌర్ణమికీ అమావాస్యకీ అది నాలుగు మీటర్లు దాటుతుంది. పొద్దున హాయిగా తేలుతున్న పడవ మధ్యాహ్నానికి బురదలో పక్కకి ఒరిగి ఉంటుంది. రేవులో నిన్న చూసిన నీళ్ళే ఇవాళా కావాలంటే ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా రావాలి. పడవలు తేలుతున్నప్పుడు ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే జెట్టీ స్పష్టంగా వస్తుంది, పడవలు మాత్రం చెరిగిపోతాయి, ఎందుకంటే కట్టేసిన పడవ కూడా నిలకడగా ఉండదు. నీళ్ళు తీసేసిన రేవులో ఆ బెడద లేదు. కాబట్టి ఇక్కడ సంచిలో రెండో లెన్సు లేకపోయినా ఫర్వాలేదు గాని, పోటుపాట్ల పట్టిక లేకపోతే పని జరగదు. ఇదంతా ఎలా తీయాలన్న విద్య, నేర్చుకుంటే వస్తుంది. ఏం తీస్తున్నామో తెలియడం ఇంకో విద్య. దానికి పట్టికలు లేవు.

ఆరన్ దీవుల పడవ సంగతి చూడండి. గాల్వే అఖాతం ముఖద్వారంలో మూడు దీవులు: ఇనిష్‌మోర్, ఇనిష్‌మాన్, ఇనిషీర్. ఇప్పటికీ అక్కడ ఇళ్ళలో ఐరిష్ భాషే మాట్లాడతారు. ఆ దీవుల పాత ఫొటో ఏది తీసుకున్నా అందులో కరఖ్ అనే పడవ ఉంటుంది. సన్నటి కొయ్యబద్దలతో చట్రం, చట్రం మీద బిగించిన కాన్వాసు, కాన్వాసు మీద తారు. పూర్వం కాన్వాసు చోట పశువుల చర్మం ఉండేది. దీవుల్లో చెట్లు లేవు, అందుకని కొయ్య పొదుపు. సరైన రేవు లేదు, అందుకని పడవ తేలిగ్గా ఉండాలి. వేట నుంచి రాగానే తర్వాతి అల అందుకునేలోపు దాన్ని ఒడ్డుకి లాగేసి, బోర్లించి, నెత్తిన పెట్టుకుని మోసుకుపోవాలి. తెడ్లు కూడా వెడల్పుగా ఉండవు, ఎగిసిపడే నీళ్ళలో తగులుకోకుండా సన్నటి బద్దల్లా చెక్కుతారు. బోర్లించిన పడవ కింద మనుషుల కాళ్ళు మాత్రమే కనిపిస్తూ, రాళ్ళ మీద పడవే నడిచిపోతున్నట్టుండే ఫొటో నూరేళ్ళకు పైగా అందరూ తీశారు. చాలా అందమైన ఫొటో. దాని అసలు విషయం మాత్రం రేవు లేకపోవడం.

ఈ పడవల మీద ప్రామాణికమైన పుస్తకం రాసినాయన మన తీరానికి కొత్తవాడు కాదు. జేమ్స్ హార్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకి డైరెక్టరుగా చేశాడు. తెలుగు కోస్తా అంతా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే. మన తెప్పలనీ, దక్షిణాది నదుల మీద తిరిగే పుట్టినీ శ్రద్ధగా చూసి రాసిన ఆ మనిషే 1938లో బ్రిటన్, ఐర్లండ్‌ల తోలుపడవల మీద పుస్తకం తెచ్చాడు. బాయిన్ నది మీద తిరిగిన ఐరిష్ పడవకీ, తుంగభద్ర పుట్టికీ తయారీ సూత్రం ఒకటే: అల్లిన చట్రం, పైన చర్మం. ఎక్కడివాళ్ళు అక్కడే చేతికందినదాంతో కనిపెట్టుకున్నారు. హార్నెల్ పడవని అందంగా ఉందని మెచ్చుకునే మనిషి కాదు. ఎన్ని బద్దలు, ఏ కొయ్య, ఏ ముడి, ఎంత బరువు మోస్తుంది అని అడుగుతాడు. చేపలశాఖ ఉద్యోగి చూపు అది. ఫొటోలు తీసేవాళ్ళకి ఆ చూపు కొంచెం అప్పు దొరికితే బాగుండుననిపిస్తుంది నాకు.

ఎర్ర తెరచాపల సంగతీ అంతే. గాల్వే హుకర్ అనే ఆ చెక్కపడవల పొట్ట ఉబ్బెత్తుగా, తారు పూతతో నల్లగా ఉంటుంది. చాప గుడ్డ ఉప్పుగాలికి కుళ్ళిపోకుండా బెరడు కషాయంలో ముంచేవాళ్ళు, ఆ ఎరుపు దాన్నుంచి వచ్చింది. ఇవి విలాసనౌకలు కావు, సరుకుబళ్ళు. కానెమారా బాడవల్లో టర్ఫ్ దొరుకుతుంది. బురదనేలని గడ్డలుగా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాల్చే ఇంధనం. ఆరన్‌లో అది లేదు, కట్టెలూ లేవు. హుకర్లు ఇటు నుంచి టర్ఫ్ మోసేవి, తిరుగు ప్రయాణంలో సున్నపురాయి వేసుకొచ్చేవి. గ్యాస్ పొయ్యి వచ్చాక వాటికి పని పోయింది, చాలా పడవలు రేవుల్లోనే కుళ్ళిపోయాయి. 1970లలో కొందరు పట్టుబట్టి మళ్ళీ బాగుచేయించారు. 1979 నుంచి ఏటా ఆగస్టులో కిన్‌వారా రేవులో పడవల పండగ చేస్తున్నారు, పడవల్లో టర్ఫ్ వేసుకొచ్చి దింపి చూపిస్తారు కూడా. నేనూ అక్కడ తనివితీరా ఫొటోలు తీశాను. ఆ ఎర్రచాపలు ఎప్పుడు కనిపించినా ఎక్కడో ఒక దీవిలో చలికి వణుకుతున్న వంటిల్లు నా మనసులో మెదులుతుంది.

గోడలకీ ఇదే కథ. ఆరన్ అంటే సున్నపురాతి బండ, దాని మీద మన్ను లేదు. రాళ్ళు ఏరి ఎక్కడివక్కడ గోడలుగా పేర్చారు. రాళ్ళు తీసిన బండ మీద ఇసుకా, సముద్రపు నాచూ మోసుకొచ్చి, పొరలుగా పరిచి, మట్టిని తామే తయారుచేసుకుని బంగాళదుంప పండించారు. డ్రోన్ మీంచి తీస్తే ఆ గోడలు ముగ్గులా వస్తాయి. కింద నిలబడి చూస్తే వీపులు గుర్తొస్తాయి.

అవసరం నుంచి పుట్టిన అందాన్ని చూసి మురిసిపోవడం తప్పు కాదు. పేచీ అంతా, ఆ అవసరంలో బతుకుతున్న మనిషి దాన్ని ఫొటోలో వద్దంటే ఏం చేయాలన్నది. ఈ పేచీ ఇక్కడ 120 ఏళ్ళ కిందటే వచ్చింది. నాటకకర్త జాన్ మిలింగ్టన్ సింగ్ 1898లో మొదటిసారి ఆరన్ వెళ్ళాడు. ఆ తర్వాత కూడా వరసగా కొన్నేళ్ళు వెళ్ళి, ఇనిష్‌మాన్‌లో ఒక ఇంట్లో ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, 1907లో ఆ దీవుల మీద పుస్తకం ప్రచురించాడు. వెంట కెమెరా ఉండేది. తీసిన ఫొటోలు మరుసటేడు తెచ్చి వంటింట్లో కూర్చుని అందరికీ చూపించేవాడు, వాళ్ళూ చుట్టూ చేరి సంబరంగా చూసేవాళ్ళు. ఆ పుస్తకంలోనే ఒక చిన్న గొడవ రాశాడు. దీవి కుర్రాడొకడు గాల్వే నుంచి కొనుక్కొచ్చిన ఆదివారపు బట్టల్లో తనని ఫొటో తీయమన్నాడు. సింగ్ ఒప్పుకోలేదు. ఇంట్లో నేసిన ముతక ఉన్నిబట్టలే నీకు అందమన్నాడు. ఆ బట్టలు తనని దీవిలోని పాతకాలపు బతుక్కి కట్టేస్తాయని కుర్రాడి బాధ. ఇద్దరూ మాటామాటా అనుకునేదాకా వచ్చింది. కుర్రాడు చురుకైనవాడనీ, బయట ప్రపంచంలోకి అడుగుపెట్టగలిగితే పైకి రాగలడనీ సింగే ఒప్పుకున్నాడు. బట్టల దగ్గర మాత్రం దిగిరాలేదు.

ఎవరి పక్షాన ఉండాలి? కెమెరా పట్టుకున్న చెయ్యి తడుముకోకుండా సింగ్ వైపు వెళుతుంది. ఆ ఉన్నిబట్ట మడతల్లో వెలుగెలా పడుతుందో దానికి తెలుసు. కాని బందరులో మా వీధి చివరి స్టూడియోలో ఒక కోటూ, ఒక టై గోడకి వేలాడుతుండేవి. వెనక తెర మీద తోట, పాలరాతి మెట్లు. ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళు ఆ కోటు తొడుక్కుని, అది తమదే అన్నట్టు కూర్చుని, ఫొటో అయ్యాక విప్పి కొక్కేనికి తగిలించి, తమ చొక్కా వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మా తాతయ్య జన్మలో కోటు వేసుకున్నది ఆ స్టూడియోలోనే. ఆ ఫొటోయే ఇంట్లో గోడ మీద ఉంది. పొలం నుంచి వచ్చే తాతయ్య, మోకాళ్ళపైకి బిగించిన పంచె, భుజాన తువ్వాలు, అవి ఎక్కడా ఫొటోలో లేవు. చూసిన మేము పోతే అవీ పోతాయి. కాబట్టి సింగ్ మొండితనంలోనూ న్యాయముంది, ఆయన పట్టుబట్టబట్టే ఆనాటి దీవి మనుషులు తమ నిత్యపు బట్టల్లో మనకి మిగిలారు. కాని తాతయ్యని పిలిచి ఏ ఫొటో కావాలని అడిగితే కోటుదే కావాలంటాడు. అందులో నాకు అనుమానం లేదు.

సింగ్ అక్కడితో ఆగాడు. ఆ దారినే చివరిదాకా నడిస్తే ఎక్కడ తేలతామో రాబర్ట్ ఫ్లాహెర్టీ చూపించాడు. ఆయన తీసిన ‘మాన్ ఆఫ్ ఆరన్’ సినిమా 1934లో వచ్చింది, వెనిస్ చిత్రోత్సవంలో బహుమతి కూడా గెలుచుకుంది. అందులో తండ్రీ తల్లీ కొడుకూ నిజానికి ఒక కుటుంబం కారు, దీవిలో ముఖాలు చూసి ఏరి కూర్చినవాళ్ళు. కరఖ్‌లో వెళ్ళి భారీ షార్కుని బల్లెంతో వేటాడే సన్నివేశమే సినిమాకి ప్రాణం. ఆ షార్కు కాలేయం నుంచి దీపాలకి నూనె తీయడం దీవిలో ఎప్పుడో తరాల కిందటే ఆగిపోయింది. వేటాడటం తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. సినిమా కోసం ఆ విద్యని బయటివాళ్ళు వచ్చి దీవివాళ్ళకి నేర్పాల్సి వచ్చింది. తాతలనాటి కష్టాన్ని మనవళ్ళ చేత నటింపజేసి, అది ఇవాళ్టి బతుకని లోకానికి చూపించారు. ఆ సినిమా చూస్తుంటే అలల దృశ్యాలకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపు నిజమే, ఎందుకంటే ఆ అలల మధ్య పడవ నడిపిన మనుషులు నిజంగానే ప్రాణాలకు తెగించారు, కెమెరా కోసం.

ఇంకో రకం చివర కూడా ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చి డబ్లిన్‌లో స్థిరపడ్డ జాన్ హైండ్ 1956లో పోస్టుకార్డుల కంపెనీ పెట్టాడు. ఆయన కార్డుల్లో ఆకాశం ఎప్పుడూ నీలం, సముద్రం ఎప్పుడూ దానికంటే నీలం. ఫ్రేములో నచ్చనిది ఏదైనా ఉంటే దాని ముందు పూలపొద పెట్టేవాడు, అందుకోసం రోడోడెండ్రాన్ కొమ్మలు కోయడానికి కారులో రంపం ఉండేది. చొక్కాల రంగులు అచ్చువేసేటప్పుడు మారిపోయేవి. వాటిని చూసి చాలాకాలం జనం నవ్వారు. 1993లో డబ్లిన్‌లోని ఆధునిక కళల మ్యూజియం అవే కార్డుల్ని ప్రదర్శనకి పెట్టింది. హైండ్‌ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఫ్లాహెర్టీ దీవిని వెనక్కి లాగితే, హైండ్ దాన్ని పండగబట్టల్లో నిలబెట్టాడు. కోటు కుర్రాడికి వీళ్ళిద్దరిలో ఎవరు నచ్చేవాళ్ళంటే హైండే అనుకుంటాను. కాని ఆ పూలపొద ఎక్కడ పెట్టాలో కుర్రాణ్ణి అడిగినవాళ్ళు లేరు.

బొమ్మ ఎంత బలమైనదో చెప్పడానికి ఆరన్ స్వెటర్ చాలు. సింగ్ రాసిన ‘రైడర్స్ టు ద సీ’ నాటకంలో, సముద్రంలో పోయిన అన్నని అతని మేజోడులో జారిన కుట్లని బట్టి చెల్లెలు గుర్తుపడుతుంది, ఆ మేజోడు అల్లింది తనే కనక. కాలక్రమేణా మేజోడు స్వెటరైంది. ప్రతి ఇంటికీ ఒక సొంత అల్లిక ఉంటుందనీ, ఒడ్డుకి కొట్టుకొచ్చిన మనిషి ఎవరింటివాడో స్వెటర్ చూసి చెబుతారనీ కథ పుట్టింది. అలాంటి ఆచారమేదీ లేదు. కథ మాత్రం స్వెటర్‌తోపాటు అమ్ముడుపోతూనే ఉంది.

నా ఫొటోలు అమ్మకి పంపిస్తుంటాను. వాట్సాప్‌లో ఒక్కొక్కటే చూస్తుంది. ఒకసారి వరసగా రేవుల ఫొటోలు పంపితే ఫోన్ చేసి, “బాగున్నాయే. కాని ఊళ్ళో జనమంతా ఏమయ్యారు? ఖాళీ చేసి పోయారా?” అంది. పడవలు, తాళ్ళు, నీళ్ళలో నీడలు, ఎండ్రకాయల బుట్టలు, అన్నీ ఉన్నాయి, మనుషులు లేరు. మనిషి పక్కకి తప్పుకునేదాకా ఆగి తీయడం ఫొటోగ్రాఫర్ల అలవాటు. అప్పుడే బొమ్మ శుభ్రంగా వస్తుందని మా నమ్మకం. ఆవిడ మాట నవ్వులాటకే అన్నా, ఖాళీ చేసి పోయిన ఊరు ఈ తీరంలో నిజంగానే ఉంది.

కెర్రీ కౌంటీలో డన్‌క్విన్ జెట్టీకి దిగే కాంక్రీటు బాట మెలికలు తిరుగుతూ కొండచరియ మీంచి నీళ్ళలోకి దిగుతుంది. ఐర్లండ్‌లో అందరూ ఫొటో తీసే చోట్లలో అదొకటి. ఆ బాట ఎదుటనున్న దీవి గ్రేట్ బ్లాస్కెట్. రెండు కిలోమీటర్ల నీళ్ళే మధ్యలో. కాని చలికాలంలో వారాల తరబడి ఆ రెండు కిలోమీటర్లూ దాటలేకపోయేవాళ్ళు. 1947 జనవరిలో దీవిలో ఒక యువకుడికి మెదడుపొరల వాపు జబ్బు చేసింది. తుపాను వల్ల డాక్టరు రాలేకపోయాడు, అతను చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లో దీవివాళ్ళు తినడానికేమీ లేదని ప్రధాని డి వలేరాకి తంతి కొట్టారు. 1953 నవంబరు 17న, మిగిలిన 22 మందిని ఒడ్డుకి చేర్చే తరలింపు మొదలైంది. ఇంత చిన్న ఊరు 1929కీ 1936కీ మధ్య మూడు గొప్ప ఆత్మకథలిచ్చింది: టోమాస్ ఓ క్రోహన్, మారిస్ ఓ సల్లివన్ రాసినవి, పెగ్ సేయర్స్ చెప్పి కొడుకు చేత రాయించినది. మూడూ ఐరిష్‌లోనే. బయటి పండితులు వచ్చి మీ బతుకు రాయండని ప్రోత్సహించిన మాట నిజమే. రాయడానికి కూర్చున్నాక ఏ బట్టల్లో కనిపించాలో మాత్రం వాళ్ళే తేల్చుకున్నారు. ఇప్పుడు దీవి మీద కప్పులేని ఇళ్ళున్నాయి, వేసవిలో మనలాంటివాళ్ళు కెమెరాలతో దిగుతారు. ఆ ఇళ్ళు ఫొటోలో చాలా బాగా వస్తాయి. డాక్టరూ, సరైన రేవూ వేళకి వచ్చి ఉంటే అంత బాగా రాకపోయేవి.

ఒడ్డున నిలబడ్డవాడికే ఈ కళ సాధ్యమనడానికి కార్క్ తీరంలోని కోవ్ పట్నం సాక్ష్యం. అప్పట్లో దాని పేరు క్వీన్స్‌టౌన్. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఆఖరిసారి ఆగింది అక్కడే. సౌతాంప్టన్ నుంచి అందులో వచ్చిన ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే జెసూట్ విద్యార్థి దారి పొడుగునా ఫొటోలు తీశాడు. ఓడలో పరిచయమైన అమెరికన్ దంపతులు న్యూయార్క్ దాకా టికెట్ కొనిస్తామన్నారు. పైవాళ్ళని అనుమతి అడిగితే ఓడ దిగెయ్యమని కచ్చితంగా జవాబొచ్చింది. దిగాడు. వెళుతున్న ఓడని కూడా తీశాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. 1960లో ఆయన పోయాక ఒక ట్రంకుపెట్టెలో పడున్న 42,000 నెగటివులు 1985లో బయటపడ్డాయి. రేవు ఫొటో తీసిన ప్రతివాళ్ళూ ఏదో ఒక పడవ ఎక్కనివాళ్ళే.

ఎక్కేవాళ్ళెవరు మరి? డబ్లిన్ పక్కనే హోత్ రేవుంది, రైలు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. యాత్రికులందరూ నీళ్ళలోని సీల్ జంతువుల్ని ఫొటో తీస్తుంటారు. ఉత్తరాన కిల్లీబెగ్స్ దేశంలో పెద్ద చేపలరేవు, అక్కడి ఇనుప ఓడలు మూడంతస్తుల మేడలంత ఉంటాయి. ఈ రేవుల్లో వల బాగుచేస్తున్న మనిషి చాలాసార్లు ఫిలిప్పీన్స్ వాడో ఈజిప్టు వాడో అయి ఉంటాడు. పడవలకి మనుషులు దొరక్క బయటి దేశాల నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళ జీతభత్యాలూ పనిగంటల సంగతులూ పత్రికల్లో పడ్డాక, 2016లో వాళ్ళకోసం ప్రత్యేక అనుమతుల పద్ధతి పెట్టారు. బ్రెగ్జిట్ ఒప్పందంలో చేపల వాటా కొంత బ్రిటన్‌కి పోయింది. పరిహారం తీసుకుని పడవలు వదులుకునే పథకం కింద 2023లో ఎన్నో పడవల్ని ముక్కలు చేశారు. ‘ఐరిష్ తీరం’ పేరుతో అమ్మే కేలండర్లలో ఈ మనుషులూ లేరు, ఈ ఇనుపముక్కలూ లేవు. కిందటి తరం కరఖ్ అందులో ఉంది.

అలాంటి రేవులో ఒకతను నా మెడలో కెమెరా చూసి తన ఫోన్ చేతికిచ్చి ఫొటో తీయమన్నాడు. ఉండమని సైగచేసి లోపలికి వెళ్ళి, చేపలపొలుసు అంటిన రబ్బరు ప్యాంటు విప్పేసి, జీన్సూ మంచి జాకెట్టూ వేసుకొచ్చాడు. వల దగ్గర నిలబడతాడనుకుని చోటు చూసుకుంటున్నాను. అతను పడవకి వీపు పెట్టి, వెనక ఊరి వీధీ, చర్చి గోపురమూ కనిపించేలా నిలబడ్డాడు. మనీలా దగ్గర ఎక్కడో ఉన్న భార్యకి పంపడానికట. గాల్వే సూటులోని కుర్రాణ్ణి నేను కళ్ళారా చూసింది అప్పుడే.

బొమ్మలోకి ఎక్కేవాళ్ళు ఎప్పుడూ ఊరుకున్నారనుకోకండి. డోనెగాల్ తీరానికి దూరంగా టోరీ అనే దీవి ఉంది. 1950లలో డెరెక్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు అక్కడ కూర్చుని బొమ్మ వేస్తుంటే, వెనక నిలబడి చూస్తున్న జేమ్స్ డిక్సన్ అనే దీవి పెద్దాయన ఇంతకంటే బాగా నేనే వేయగలనన్నాడట. హిల్ కోప్పడలేదు. రంగులిచ్చి, వెయ్యండన్నాడు. కుంచెలు కూడా ఇవ్వబోతే అక్కర్లేదని, గాడిదతోక వెంట్రుకలతో తనే కుంచెలు కట్టుకున్నాడు డిక్సన్. ఆయన వేసిన టోరీలో సముద్రం వెనక తెరలా నిలబడి ఉండదు, దీవి చుట్టూ దొర్లుతూ ఉంటుంది. ఓడలకి పేర్లుంటాయి, తుపాన్లకి తేదీలుంటాయి, చాలాసార్లు బొమ్మ మీదే ఆ వివరం రాసేవాడు. ఆయన్ని చూసి ఇంకొందరు దీవివాళ్ళు కుంచె పట్టారు. చివరికి టోరీ చిత్రకారులని ఒక బడే తయారైంది. ఈ మొత్తం కథలో నాకు డిక్సన్ మీద ఎంత ఇష్టమో, పక్కకి జరిగి చోటిచ్చిన హిల్ మీదా అంతే ఇష్టం. ఫొటోగ్రాఫర్లలో ఆ జరగడం తెలిసినవాళ్ళు తక్కువ.

పడమటి తీరాన చిన్న రేవులో ఎండ్రకాయల పడవ నడిపే ఆయన ఒకరు నాకు తెలుసు. ఫైబర్ పడవ, చూడ్డానికి ఏ అందమూ లేదు. ఆయన చేతుల్ని తీద్దామని అడిగాను, తాళ్ళకి ఒరుసుకుని కాయలు కాసిన చేతులు. నవ్వి, చేతులు తర్వాత, ముందు ఇది తీయండని పక్కనున్న యంత్రం చూపించారు. సముద్రం అడుగు నుంచి బుట్టల తాడుని పైకి చుట్టే యంత్రం, కొత్తది, మీద కంపెనీ స్టిక్కరు కూడా చెరగలేదు. వాళ్ళ నాన్నగారు ఇదే పని చేత్తో చేసి నలభై దాటకుండానే నడుం పోగొట్టుకున్నారట. ఆ యంత్రం మీద చెయ్యివేసి నిటారుగా నిలబడ్డారు. తారుపూసిన పడవకి ఒక అవసరం ఉన్నట్టే ఈ నీలిరంగు ఇనుపముక్కకీ ఒకటుంది. మొదటిది పాతబడి అందమైంది, రెండోది ఇంకా పనిలో ఉంది, అంతే తేడా. నూరేళ్ళ తర్వాత పడవల పండగలో ఆ యంత్రాన్ని కూడా తుడిచి, పూలదండ వేసి పెడతారేమో ఎవరు చూశారు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. మనిషి ఎదురైతే ముందు వాళ్ళు ఎలా కావాలంటే అలా తీస్తాను: కోటులో, జాకెట్టులో, యంత్రం పక్కన. అది ప్రింటు వేయించి పంపిస్తాను. ఆ తర్వాతే నాకు కావాల్సింది అడుగుతాను. వరస ఇలా మార్చాక నా ఫొటోలు కూడా కొంచెం మారాయి. తన మాట చెల్లిన మనిషి రెండో ఫొటోకి వేరేగా నిలబడతాడు, చూపించదలుచుకున్న చేతుల్నే చూపిస్తాడు, వెలుగు అటునుంచి పడుతోంది, ఇలా తిరగనా అని తనే అడుగుతాడు. సింగ్‌కి ఇది తోచి ఉంటే ఆ పూట గొడవే ఉండేది కాదు, రెండు ప్లేట్లు ఖర్చయ్యేవి. నా పోటీలకీ ప్రదర్శనలకీ వెళ్ళేది రెండో ఫొటోయే, దాచడం ఎందుకు. వాళ్ళింట్లో గోడకెక్కేది మాత్రం మొదటిది. ఎక్కువకాలం ఉండేది ఏదని అడిగితే, గోడ మీదిదేనని మా తాతయ్య కోటు సాక్షిగా చెప్పగలను.